ఖాళీ లేని వరసలు

ఆ ఉదయం సరుగుడు చెట్ల మధ్య టేపు పట్టుకుని నడుస్తుంటే నాకు మొదట సంతోషం కలిగింది. కాసేపటికి అనుమానం మొదలైంది. నేను పుట్టి పెరిగింది విజయవాడ వన్ టౌన్‌లో, తాళ్ళూ టార్పాలిన్ పట్టాలూ అమ్మే కొట్టు వెనక ఇంట్లో. సరుకు మరీ బాగుంటే మా ఇంట్లో ఎవరూ సంతోషపడి ఊరుకోరు. నాన్న కట్ట విప్పించి, లోపలి తాడు కూడా పై తాడులాగే ఉందో లేదో చూసేవాడు. పీహెచ్‌డీ చేసినా ఆ బుద్ధి నన్ను వదల్లేదు.

నా అనుమానం ఇదీ: పసుపు గుర్తున్న చెట్లలో ఒక్కటీ చావలేదు. నీలం గుర్తువీ చావలేదు. సముద్రానికి అంత దగ్గర్లో, చౌడెక్కిన నేలలో, మూడు ఎండాకాలాలు గడిచాక కూడా ఏ వరసలోనూ ఒక్క ఖాళీ లేదు. అంత శుభ్రమైన చేను నా ఉద్యోగ జీవితంలో చూడలేదు.

మా పని గురించి చుట్టాలకి చెప్పాల్సి వచ్చినప్పుడల్లా కొట్టు భాషలోకే దిగుతాను. వన్ టౌన్‌లో ఏ మూట దిగినా మొదటి ప్రశ్న, "ఎక్కడి సరుకు?" చెట్ల విత్తనాల గురించి నేను ఇన్నేళ్ళుగా అడుగుతున్నదీ అదే. ఒకే జాతి చెట్టయినా, వానలు బాగా పడే ఒడ్డున తరతరాలుగా బతికిన తల్లిచెట్టు పిల్లలు ఒకలా ఉంటాయి. ఉప్పునేలలో బతికి బట్టకట్టిన తల్లిచెట్టు పిల్లలు ఇంకోలా ఉంటాయి. సముద్రం ముందుకొస్తోంది, బావుల్లోకి ఉప్పు దిగుతోంది, ఎండలు ముదురుతున్నాయి. రేపటి నేలని ఏ ఊరి విత్తనం తట్టుకుంటుందో ఇవాళే నాటి చూసుకోవాలి. అటవీ జన్యుశాస్త్రం అని దీనికి పెద్ద పేరే ఉంది. మా మేనత్త మాత్రం, "విజయవాడలో అడవెక్కడుందే? కొండ మీద నాలుగు తుప్పలుంటే వాటికో డాక్టరా?" అనేది. ఆవిడ తప్పేం లేదు. మా వంశంలో చెట్టంటే కొబ్బరి పీచు ఇచ్చేది, పీచంటే తాడయ్యేది. తుఫాను కబురొస్తే ఊరంతా భయపడేది, మా కొట్టు ముందు క్యూ కట్టేది. ఆ అమ్మకాలతో చదువుకున్న నేను, తుఫానుని ఆపే చెట్టు కోసం వెతకడం చూసి నాన్న, "మన వ్యాపారానికే ఎసరు పెడుతున్నావు కదే" అని నవ్వేవాడు.

బేరమాడటం మాత్రం మానలేదు. మంగళగిరి వైపున్న మా ల్యాబ్‌కి మైక్రోస్కోపు కొన్నప్పుడు కూడా కొసరు అడిగాను. అమ్మడానికొచ్చిన కుర్రాడికి ఏం చెప్పాలో తోచక లెన్సు తుడిచే గుడ్డలు రెండు చేతిలో పెట్టి వెళ్ళిపోయాడు. వాటితోనే ఇప్పటికీ కళ్ళజోడు తుడుచుకుంటున్నాను.

ఆ చేను ఒక రిటైరైన లెక్కల మాస్టారిది. అవనిగడ్డ దాటి చాలా దూరం పోవాలి. ఊళ్ళో చర్చి వ్యవహారాలన్నీ ఆయన చేతుల మీదే నడుస్తాయి. ఆ నేలలో వరి పండటం మానేశాక చుట్టుపక్కలవాళ్ళంతా రొయ్యల చెరువులు తవ్వుకున్నారు. ఆయన తవ్వలేదు. ఊరు నవ్వింది. ఆయన ఆ నేలని నా పరీక్షకిచ్చారు. రెండు తీరాల నుంచి తెచ్చిన విత్తనాలతో మొక్కలు పెంచి, రెండు రకాల్నీ కలగలిపి వరసల్లో నాటాం. ఏది ఎక్కడిదో తెలియడానికి ప్రతి మొక్క పక్కనా రంగు పూసిన గుంజ. పసుపువి వానల తీరం పిల్లలు, నర్సరీలోనే ఏపుగా ఎదిగాయి. నీలానివి ఉప్పుకయ్యల పక్కన పుట్టిన చెట్ల పిల్లలు, బక్కగా, నిద్రమొహంతో ఉండేవి.

చేను దాటితే ఇసుక. ఇసుక మీద చేపలు పట్టేవాళ్ళ ఊరు. ఆ ఊరికీ సముద్రానికీ మధ్య ఒకప్పుడు సరుగుడు తోపు ఉండేది, ఉప్పెక్కి ఎండిపోయింది. మళ్ళీ వెయ్యాలి. ఏ విత్తనం వెయ్యాలో నేను చెప్పాలి, అదీ ఆ సాయంత్రంలోగా. తెల్లారితే నర్సరీలో విత్తనం చల్లుతారు. అది దాటితే వానలకి మొక్క అందిరాదు, పని ఇంకో ఏడాది వెనక్కి పోతుంది. తప్పు విత్తనం చెప్తే ఇంకా ఘోరం. తోపు మొదట పచ్చగా కనిపించి తర్వాత అక్కడక్కడా చచ్చి ఖాళీలు పడుతుంది. ఖాళీలున్న తోపు కన్నా తోపు లేకపోవడమే కొంత నయం. ఆ సందుల్లోంచి దూరే గాలి ఇంకా కోపంగా వస్తుంది. ఆ గాలికి ఎదురుగా ఉండేవి రేకుల ఇళ్ళు.

పసుపే ఎత్తుగా ఉంది, చావు కూడా లేదు, ఇంకేం కావాలి అనుకుంటూ ఒక పసుపు గుంజ దగ్గర కూర్చుని చెట్టు మొదలు కొలుస్తున్నాను. మట్టిలోంచి పాల ప్యాకెట్ అంచు వేలికి తగిలింది. చెత్త అనుకుని లాగాను. రాలేదు. వేళ్ళ చుట్టూ చొక్కాలా తొడుక్కుని ఉంది.

తర్వాతి పసుపు గుంజ దగ్గర మట్టి గీరాను. అక్కడా పాల ప్యాకెట్టే.

మా మొక్కలు నల్ల ప్లాస్టిక్ గిన్నెల్లో పెరిగినవి. నాటేటప్పుడు గిన్నెలు తీసేసి వెనక్కి పట్టుకుపోతాం. ఒక్కటి తగ్గినా నేను గొడవ చేస్తానని మా డ్రైవరుకి కూడా తెలుసు. పాల ప్యాకెట్లు మావి కావు. రోహిణి కార్తె ఎండలో టేపు చుట్టేసి పక్కన పెట్టాను.

నాటిన రోజు గుర్తొచ్చింది. బండి ఖాళీ చేశాక మాస్టారి భార్య, "కొసరేమీ లేదా అమ్మా?" అని నవ్వుతూ అడిగారు. కొసరడిగితే లేదనడం మా ఇంటా వంటా లేదు. నాన్న తాడుని బారల్లో కొలిచి చివర్న ఒక మూర వదిలేవాడు. నేను మిగిలిపోయిన నీలం మొక్కలు ట్రేలకి ట్రేలు దింపించి, గిన్నెలు మాత్రం వెనక్కి తీసుకుని, "ఇంటి చుట్టూ వేసుకోండి పిన్నిగారూ" అన్నాను. బక్కవి కదా అని వాటిని కొంచెం ఎక్కువే పెంచాం; ఎవరికీ అక్కర్లేని సరుకు. కొసరుగా పోయేది ఎప్పుడూ అలాంటిదే.

ఇప్పుడు వాళ్ళ ఇంటి చుట్టూ జామ ఉంది, కరివేపాకుంది, మందారాలున్నాయి. సరుగుడు ఒక్కటి లేదు.

బేరంలో మొదటి సంగతి, కావలసిన వస్తువు వైపు చూడకూడదు. మధ్యాహ్నం భోజనానికి కూర్చున్నప్పుడు చేను మాటే ఎత్తలేదు. వాళ్ళకి చేపల పులుసు, నాకోసం విడిగా వంకాయ కూర, పప్పుచారు. రెండు ముద్దలు తిన్నాక, "పిన్నిగారూ, ఖాళీ పాల ప్యాకెట్లు మీరేం చేస్తారండీ? మా భవానీపురంలో పాత సామాన్లవాడు కూడా వద్దంటున్నాడు" అన్నాను.

"అయ్యో, పారేస్తున్నావా ఏంటమ్మా! కడిగి, అడుగు కోసి, మట్టి నింపితే మొక్కలకి భలే పనికొస్తాయి. నువ్విచ్చిన కొసరు మొక్కలన్నీ..."

మాస్టారు గ్లాసు చప్పుడయ్యేలా కింద పెట్టారు. "పెరుగు వెయ్యి."

"ఇప్పుడేగా వేశాను."

"ఇంకొంచెం వెయ్యి."

ఆవిడ పెరుగు గరిటె పట్టుకుని ఆయన మొహం చూశారు, నా మొహం చూశారు, గరిటె గిన్నెలో పెట్టేశారు. పైన ఫ్యాన్ కిర్రుమంటోంది.

"మాస్టారూ, మొదటి ఎండాకాలం చచ్చిన మొక్కలున్నాయా?" అన్నాను.

"ఉన్నాయి."

"ఫోన్లో అడిగితే అంతా బాగుందన్నారు."

"మీరడిగే వేళకి అంతా బాగానే ఉంది మరి. చినుకు పడగానే మళ్ళీ పెట్టేశాను. బయటివి కాదు, మీరిచ్చిన కొసరువే, ప్యాకెట్లతో సహా. నీళ్ళు కావిడితో మోయించాను." ఆయన గొంతులో ఎక్కడా తప్పు చేసిన ఛాయ లేదు. "ఏమ్మా, చేలో మొక్క చస్తే చచ్చినట్టే వదిలేసి కూర్చునేవాణ్ణి రైతంటారా? రోడ్డున పోయే ప్రతివాడూ 'మాస్టారి చేను పళ్ళూడిన నోరులా ఉందిరా' అనడం మొదలెట్టాడు. పోనీ వాళ్ళు ఏమనుకుంటే నాకేంటి. మీరు అంతదూరం నుంచి తెచ్చి నా చేతిలో పెట్టిన మొక్కలు. చంపుకున్నానండీ అని ఏ మొహంతో చెప్పను?"

నాకు ఆయన మీద కోపం రావాలి. రాలేదు. అతిథి వస్తున్నాడని చిరిగిన పరుపు మీద కొత్త దుప్పటి పరిచినట్టు పరిచారు. అయితే ఆ దుప్పటి కింద నా జవాబు ఉంది.

"చచ్చినవే నాకు లెక్క మాస్టారూ. ఏది బతికిందో కాదు, ఏది ఎక్కడ చచ్చిందో చూద్దామనే నాటాను. మీ క్లాసులో పిల్లాడు రాసిన తప్పులన్నీ మీరే చెరిపి, సరిగ్గా రాసి, నూటికి నూరు వేస్తే వాడికి లెక్కలొచ్చో రావో ఎట్లా తెలుస్తుంది?"

ఆయన చెయ్యి కంచంలోనే ఆగిపోయింది. "నేనెప్పుడూ అలా వెయ్యలేదు" అన్నారు.

"ఏ రంగు గుంజల దగ్గర పెట్టారో గుర్తుందా?"

"రంగు చూడలేదమ్మా. ఖాళీ చూశాను."

అప్పుడే ఫోన్ మోగింది. తోపు పని చూసే అధికారి. "మేడమ్, పసుపే కదా? మీరు పంపిన ఫొటోలు చూశాం, టాప్‌గా ఉన్నాయి! నర్సరీవాళ్ళకి చెప్పేయనా?"

"చీకటి పడకముందు నేనే చెప్తాను."

"ఇంకా చూసేదేముంది మేడమ్?"

"కట్ట విప్పాలి" అన్నాను. ఆయనకి అర్థం కాలేదు. ఫోన్ పెట్టేశాను.

ఆకు కోసుకెళ్ళి ల్యాబ్‌లో డీఎన్ఏ చూస్తే ఏ చెట్టు ఏ తల్లి బిడ్డో తేలిపోతుంది. దానికి వారాలు పడుతుంది. నా దగ్గర ఒక్క మధ్యాహ్నం ఉంది, పాల ప్యాకెట్లు ఉన్నాయి. ప్రతి చెట్టు మొదట్లో మట్టి గీరి చూడాలి. ప్యాకెట్ ఉందంటే అక్కడ ముందున్న మొక్క చచ్చిందని అర్థం. రెండు రకాల దగ్గరా సమానంగా తేలితే నేను చెప్పగలిగింది ఏమీ ఉండదు. తోపు ఇంకో ఏడాది వాయిదా, ఆ రేకుల ఇళ్ళు ఇంకో తుఫాను కాలం ఎదురుగా.

మాస్టారు మట్టి గీరే బొరిగె పట్టుకుని నాకంటే ముందు చేలోకి నడిచారు. తువ్వాలు తలకి చుట్టుకున్నారు. చెరో వరస పట్టాం. ఆయన గుంజ రంగు ముందు చదివి, మట్టి గీరి, హాజరు పిలిచినట్టు అరుస్తున్నారు.

"పసుపు. ఉంది!"

"నీలం. లేదు!"

"పసుపు. లేదు!"

నేను ఫోన్లో ఎక్కించుకుంటున్నాను. రోడ్డు వైపు వరసల్లో పెద్ద తేడా కనపడలేదు. పసుపులో ఒకటీ అరా, నీలంలో ఒకటీ అరా. ఒకచోట ప్యాకెట్ ముక్క ఒక్కటే దొరికింది, ఉన్నట్టా లేనట్టా? కొన్నిచోట్ల ఆయన రెండోసారి కూడా నాటి ఉండొచ్చు. పిన్నిగారు గొడుగు వేసుకుని మా వెనకే వస్తూ, "ఇక్కడ పెట్టాం, నాకు గుర్తే... కాదు కాదు, అది పక్క వరస" అంటున్నారు. మాస్టారు, "నీ జ్ఞాపకం వద్దు, ప్యాకెట్ కావాలి" అని కసురుతున్నారు.

సముద్రం వైపు వరసలకి వెళ్ళాక మాటలు తగ్గిపోయాయి.

"పసుపు. ఉంది."

"పసుపు. ఉంది."

"నీలం. లేదు."

"పసుపు..." ఆయన మిగతాది అనలేదు. మట్టిలోంచి ప్యాకెట్ అంచు పట్టి నాకు చూపించారు. ఆ మూలంతా అంతే. పసుపు గుంజల పక్కన సగానికి పైగా ప్యాకెట్లే. నీలానివి వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు.

అంటే పొద్దున నేను తల పైకెత్తి మురిసిపోయిన పసుపు చెట్లలో, ఈ మూలవి సగానికి పైగా పసుపు కానే కావు. కొసరుగా పారేసిన నీలం పిల్లలు. పసుపు గుంజ పక్కన నిలబడి పసుపు పేరుతో మెప్పు కొట్టేస్తున్నాయి. ఆకూ బెరడూ చూస్తే ఆ రెంటికీ తేడా కంటికి ఆనదు. అలాగని వాటిని చూపించి నీలాన్ని పొగడటానికీ లేదు. వాటికి వాన కలిసొచ్చింది, పిన్నిగారి చేతి నీళ్ళు దొరికాయి, ఆ ఎత్తు అందుకే. పసుపు చావులు మాత్రం నిజం. అవి చాలు.

మేం మోకాళ్ళ మీద ఉండగా ఇసుక దారిలోంచి ఒకామె వచ్చింది. చేపలన్నీ అమ్ముకుని ఖాళీ గంపతో తిరిగొస్తోంది. ఇసుక మీది ఆ చేపలవాళ్ళ ఊళ్ళో ఆడవాళ్ళ సంఘానికి పెద్ద. సముద్రానికి ఎదురుగా మొదటి ఇల్లు ఆమెదే.

"ఏందండీ మాస్టారూ, ఈ వయసులో లంకెబిందెలు తవ్వుతున్నారా?"

"లంకెబిందెలు కాదే, నా తెలివితక్కువతనం తవ్వుతున్నాను. బాగా లోతుగానే పాతాను" అన్నారాయన లేవడానికి చెట్టు పట్టుకుంటూ.

ఆమెకి సంగతి చెబుతుండగానే అధికారి ఫోన్. ఎత్తగానే, నీలం అన్నాను.

"మేడమ్, అది పొట్టి రకం కదా. మొదటి రెండేళ్ళు పైవాళ్ళకి చూపించడానికేం ఉండదు."

"పసుపు ఉప్పుకి ఆగట్లేదండీ. ఇక్కడ చచ్చినవాటి చోట వేరేవి నాటారు. అందుకే ఫొటోల్లో అలా కనిపించింది."

"అయితే చెరిసగం చేద్దాం. సగం పసుపు, సగం నీలం. మీ మాటా ఉంటుంది, మా మాటా ఉంటుంది."

చెరిసగం! మా వన్ టౌన్‌లో ప్రతి బేరమూ చివరికి దిగే స్టేషన్ అదే. ఎన్ని వందలసార్లు ఆ మాట విని చెయ్యి చాచి ఉంటానో. నాలుక చివరికి 'సరే' వచ్చేసింది. నా ఎదురుగా ఆమె గంప చంకలో పెట్టుకుని నా పెదాల వైపే చూస్తోంది. చెరిసగం నాటితే సగం చస్తాయి. గాలికి కావలసినన్ని సందులు దొరుకుతాయి.

"కుదరదండీ" అన్నాను. అంత పొడిగా, వెనక ఏ మెలికా లేకుండా ఆ మాట నేనెప్పుడూ అనలేదు. నాకే కొత్తగా వినిపించింది.

"అలాగైతే మీ రిపోర్టులో పరీక్ష ప్లాట్ చెడిపోయిందని కూడా రాయాలి మేడమ్. మూడేళ్ళ పని. రేపు ఎవరైనా పట్టుకుంటే మీరే జవాబు చెప్పుకోవాలి."

"రాస్తాను. చెప్పుకుంటాను."

ఆయన ఊపిరి వదిలిన చప్పుడు వినిపించింది. "సరే, నీలం అని మెసేజ్ పెట్టండి. నర్సరీకి పంపిస్తాను."

పెట్టాను. వేళ్ళకి మట్టి ఉండటం వల్ల రెండుసార్లు తప్పు పడింది.

మాస్టారు తువ్వాలుతో మెడ తుడుచుకుంటూ, "నేనే చెడగొట్టానని రాయండమ్మా" అన్నారు.

"మీ పేరు రాయను మాస్టారూ. స్థలం యజమాని అని రాస్తాను."

"అదేంటి! మూడేళ్ళు నీళ్ళు మోయిస్తే పేరు కూడా లేదా?" అన్నారు. నవ్వించడానికన్నారో నిజంగానే అన్నారో ఇప్పటికీ నాకు తెలియదు. పిన్నిగారు గొడుగు ఆయన వైపు వంచారు.

గంప ఆమె మాత్రం నవ్వలేదు. "పొట్టి చెట్టంటున్నారుగా. మా ఇంటి ఎత్తు ఎప్పటికి వస్తది?"

"పసుపు కన్నా ఆలస్యమే అవుతుంది. ఒకటి రెండేళ్ళు మేకలకి అందే ఎత్తులోనే ఉంటుంది. మేకలు తలలు కొరికితే ఇక ఎదగదు. ఊళ్ళో మేకల్ని కట్టెయ్యాలి."

"మేకల్ని కట్టేస్తే మేతెవరు తెస్తారు? మా ఆడోళ్ళేగా." ఆమె గంప కింద పెట్టింది. బేరానికి దిగిందని తెలిసిపోయింది. గంప దించినవాళ్ళు ఉత్తినే వెళ్ళరు. "సరే, నేను చెప్తే వింటారు. కానీ నువ్వు నాకో మాటివ్వాలి. పోయినసారీ ఒకాయనొచ్చి కాయితాలు చూపిచ్చి నాటిపోయాడు. అంతా మాడిపోయింది. ఇది చావదని మాటియ్యి, రేపట్నుంచే కట్టేయిస్తా."

ఆ క్షణంలో మాటిచ్చేస్తే సరిపోయేది. సరుకు గురించి ఒక మెట్టు ఎక్కువ చెప్పడం మా ఇంట్లో అబద్ధం కింద లెక్క కాదు. పైగా ఆమె మేకల్ని కట్టేస్తేనే నా నీలం బతుకుతుంది, మాటివ్వకపోతే కట్టెయ్యదు. ఎటు చూసినా ఇవ్వడమే లాభం. సముద్రం వైపు చూశాను. పోటు మొదలైనట్టుంది, ఇసుక మీద తడి గీత మా వైపు జరిగి ఉంది.

"ఇవ్వలేనమ్మా. కొన్ని చస్తాయి. పసుపు కన్నా తక్కువ చస్తాయి. ఈ మధ్యాహ్నం తవ్వితే నాకు తెలిసింది అంతే."

ఆమె నన్ను కిందనుంచి పైదాకా చూసింది. మోకాళ్ళ మీద మట్టి, చేతిలో ఫోన్, నెత్తి మీద ఎండుటాకు. "సరుకమ్మేదానివి ఇట్టా మాట్టాడితే ఎవరు కొంటారే తల్లీ" అంది.

నెత్తి మీది ఎండుటాకు తీసి పారేశాను. గాలికి చెట్లు హోరుమంటున్నాయి.

ఆమె వంగి గంప ఎత్తుకుంది. నాలుగడుగులు వేసి ఆగి, వెనక్కి తిరక్కుండానే అడిగింది: "మేకల్ని ఎప్పట్నుంచి కట్టెయ్యాలి?"

"మొక్క నాటిన రోజు నుంచి. వానల్లో."

"అయితే ఇవాళే మొదలెట్టాలి మాటలు. మా ఊరోళ్ళు నా అంత తొందరగా దిగిరారు" అని, ఇసుకలో కాళ్ళు ఈడ్చుకుంటూ తన ఇంటి వైపు వెళ్ళిపోయింది.